ఒంటి కడియం

పోయిన నెలలో మా పక్కింట్లో కిరాయికి ఉండేవాళ్ళ అమ్మాయి తన కాలేజీ రికార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఖానాపురం హవేలిలో మా వీధి మొత్తానికి తెలుగు టీచరును నేనొక్కదాన్నే కావడంతో పెళ్ళిపత్రికలు, కరెంటాఫీసు అర్జీలు, సమాధి రాళ్ళ మీద చెక్కించే మాటలు, అన్నీ దిద్దించుకోవడానికి నా దగ్గరికే వస్తుంటాయి. ఈ పిల్ల హైదరాబాదులో బట్టల డిజైనింగు చదువుతోంది. పాతకాలపు స్త్రీల బొమ్మలు చూసి గీసి, ఒక్కో నగ దగ్గర బాణం పెట్టి, అది దేనికి గుర్తో పక్కన రాసుకుంది. ఇది కలిగిన ఇంటామె, ఇది బిడ్డల తల్లి, ఇది మగడు పోయినామె అని. నగల తెలుగు పేర్లు ఒకసారి చూడమంది. కంటె, నాగరం, దండకడియం, చెంపసరాలు, అన్నీ చూశాను. బొమ్మలు చక్కగా ఉన్నాయి గానీ ఆడవాళ్ళందరికీ ఒకటే మొహం. అదే అడిగాను. “అయ్యో ఆంటీ, పాత బొమ్మలల్ల మొహం చూడొద్దంట. మొహం ఎవలకైనా గదే గీస్తరంట. మనిషి ఎవలో నగలే చెప్తయని మా మేడం చెప్పింది” అని నవ్వింది. టీ ఇచ్చి పంపించాను. ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు ఆ కప్పులు కడగలేదు. ఆ మాటే, ఏ కాలేజీ గడపా తొక్కని ఒక మనిషి నోట ఇరవయ్యేళ్ళ కిందట విన్నాను. విని లెక్కచెయ్యలేదు.

ఆయన మా అమ్మకు పెద్దన్న, నాకు మామ. దమ్మపేటలో బోర్డులు రాసేవాడు. ఎరువుల దుకాణాలు, పామాయిల్ నర్సరీలు, లారీల వెనక తలుపులు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గోడలూ ఆయనవే. పొద్దున ఒక పార్టీ గుర్తు, సాయంత్రం దానికి ఎదురుగుండా ఇంకో పార్టీ గుర్తు వేసి, రెండింటికీ సమానంగా రంగు దిద్దేవాడు. మా ప్రార్థన మందిరం గోడ మీద వాక్యం కూడా ఆయనే రాశాడు. మొదటి అక్షరాలు అరచేతులంత పెట్టుకుని, చివరికి గోడ చాలక చీమలంత చేసి మూలకు నెట్టాడు. మా సంఘకాపరిని మేమందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఆ గోడ చూసి ఆయన కోప్పడలేదు. పైగా దాన్నే ప్రసంగంలో వాడుకున్నారు: “చూసిండ్రా, మన బతుకు గిట్లనే. మొదట్ల జాగ మస్తుగ ఉందనుకుంటం.” అక్షరాల్లో మామ చెయ్యి ఎంత గట్టిదో మొహాల్లో అంత ఉత్తది. చిన్నప్పుడెప్పుడో ఒక క్యాలెండరు చూసి నేర్చుకున్న మొహం ఒక్కటే ఆయనకు తెలుసు. పొడుగు కళ్ళు, చిన్న నోరు, ఎడమ పక్కకు చూపు. ఎరువుల బోర్డు మీద నాట్లు వేసే కూలీ, నగల షాపు బోర్డు మీద నవ్వే పెళ్ళికూతురు, ఇద్దరూ కవలల్లాగే ఉండేవాళ్ళు. ఎవరైనా ఎగతాళి చేస్తే, “దేవుడు మొహాలు చెయ్యనేర్చిండు, నేను నగలు చెయ్యనేర్చిన. ఎవల పని వాళ్ళది” అనేవాడు.

నగలు నిజంగానే నేర్చాడు. పంపుసెట్ల కంపెనీ గోడలు రాయడానికి సైకిలు మీద అడవి ఊళ్ళకు పోయేవాడు. గోడ ఆరేదాకా ఊరికే కూర్చోలేక, అరుగుల మీద ఉండే ముసలమ్మలను పలకరించి, వాళ్ళు వయసులో ఏం పెట్టుకునేవాళ్ళో, వాళ్ళ తల్లులు ఏం పెట్టుకునేవాళ్ళో అడిగి అడిగి గీసుకునేవాడు. అలా గీసినవి పాతిక దాకా పోగయ్యాయి. దళసరి డ్రాయింగు షీట్ల మీద నల్ల సిరాతో మనిషి, గోచికట్టు చీర. రంగు నగలకు మాత్రమే. బంగారు పొడి, వెండి పొడి నూనెలో కలిపి సన్నని కుంచెతో దిద్దేవాడు. పాత లుంగీలో చుట్టి రేకుపెట్టెలో దాచేవాడు. ఏ బొమ్మ కిందా పేరుండదు. అడిగితే, “పేరెందుకు బిడ్డా? నగ చెప్తది గద ఎవరో” అనేవాడు. ఒక కోయగూడెం అవ్వ మెడలో ఇత్తడి కడ్డీకి సొట్ట ఉంటుంది. ఎద్దు కొమ్ము విసిరితే ఆ కడ్డీ అడ్డమొచ్చి ప్రాణం నిలిచిందట, అందుకని సొట్ట తీయించుకోలేదట. ఇంకొకామె మెడలో పుస్తెల పక్కన చిన్న వెండి బిళ్ల. చచ్చిపోయిన మొదటి భార్య పేరు మీద రెండో ఆవిడ కట్టుకునేది. ఆ బొమ్మ చూపించినప్పుడల్లా మామ నవ్వేవాడు. “నన్ను మళ్ల పెండ్లి చేసుకోమని అందరు సతాయించిండ్రు. చేసుకుంటే మీ అత్త గింత బిళ్లయి ఎవలదో మెడల ఏలాడేది.”

ఆ అత్తను నేను చూడలేదు. నేను పుట్టకముందే పోయింది. ఆమెకు ఎడమ చెవి తమ్మె చిన్నప్పుడే తెగిపోవడంతో, ఆ పక్క కమ్మను నల్లదారంతో చెవి చుట్టూ కట్టుకునేదట. తల్లి వెండి కడియాల జతను అక్కాచెల్లెళ్ళు చెరొకటి పంచుకున్నారట. అందుకని కుడి చేతికి ఒంటి కడియం, ఎడమ చెయ్యి బోసి. పెళ్ళయ్యాక ఆమె వాక్యం విని నమ్ముకుంది. మా సంఘంలో బాప్తిస్మానికి ముందు ఆడవాళ్ళు ఒంటి మీది నగలన్నీ తీసేస్తారు. మాది పాత పద్ధతి, ఇప్పటికీ నేనూ అలాగే ఉన్నాను. అత్త వాగు ఒడ్డున తన చేతులతో తనే అన్నీ తీసి పళ్ళెంలో పెట్టింది. అవి మందిరం పైకప్పు రేకులకు పోయాయి. మామ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలకే విషజ్వరం వచ్చి ఆమె పోయింది. కూతురు ఏడు నెలల పిల్ల. ఫోటో అనేది ఒక్కటీ లేదు. ఆ పిల్లను అత్త వాళ్ళ అక్క మణుగూరు తీసుకుపోయి పెంచుకుంది. మామ ఒంటరిగా మిగిలి, ఒక షీటు మీద అత్తను గీసుకున్నాడు. మొహం అందరిదే. దారం కట్టిన కమ్మ, ఒంటి కడియం మాత్రం ఆమెవి. ఆ చెవి సంగతి, ఆ షీటు సంగతి నాకు చాలా తర్వాత గానీ తెలియలేదు. మందిరంలో కూర్చున్నప్పుడు వాన మొదలైతే పైకి చూసి, “మీ అత్త నగలు మోగుతున్నయ్” అని గుసగుసగా అనేవాడు. ప్రార్థనలో మాట్లాడకూడదని నేను కళ్ళెర్రజేసేదాన్ని.

నేనప్పుడు బీయెడ్ ముగించి, దమ్మపేటలో ఒక ప్రైవేటు బడిలో చేరి మామ ఇంట్లోనే ఉండేదాన్ని. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. సత్తుపల్లిలో ఫ్లెక్సీలు అచ్చేసే మిషను పెట్టారు. మామకు అంతకు ముందు వానాకాలం నుంచే చెయ్యి వణకడం మొదలైంది. “మిషన్ మంచి టైముకే వచ్చింది” అనేవాడు. పెద్ద గోడలు ఎలాగో రాసేవాడు గానీ సన్న కుంచె పట్టలేకపోయేవాడు. నాకు ఇరవై రెండేళ్ళు. పదిహేడేళ్ళకే బాప్తిస్మం తీసుకున్నాను. సండే స్కూలు నాదే, ఆడవాళ్ళ కూడికలో సాక్ష్యం నాదే, ఏ లేఖనం ఎక్కడుందో అడిగితే టక్కున చెప్పేది నేనే. నేను ఆ రోజు తీసేసింది రెండు చెవి కమ్మలు. వాటి స్థానంలో పెట్టుకున్న గర్వం వాటికంటే చాలా బరువుది. అది అప్పుడు నాకు తెలియలేదు.

ఆ ఎండాకాలం పిల్లలకు పదిరోజుల తరగతులు పెట్టాం. లేఖనాల్లోని తల్లుల గురించి చెప్పాలి. మా దగ్గరున్న అచ్చు బొమ్మల్లో ఆడవాళ్ళంతా పసుపు జుట్టు, నీలి కళ్ళు. పిల్లలు చూసి ఒకటే నవ్వు. మామ బొమ్మలైతే మన ఆడవాళ్ళలాగే ఉంటాయి కదా అనిపించింది. అడగ్గానే రేకుపెట్టె తాళం చేతికిచ్చాడు. “దేవుని పనికే గద, తీస్కపో. తడి తగలనియ్యకు” అన్నాడు. అయ్యగారికి చెబితే ఆయన, “మంచిదమ్మా. నగలు లేనివి చూసి తీసుకో. పిల్లల తల్లులు సుత వస్తరు, మళ్ల మాటలైతయ్” అన్నారు. ఇంటికొచ్చి లుంగీ విప్పి చూశాను. నగలు లేని బొమ్మ ఒక్కటీ లేదు. అచ్చు బొమ్మలే పెట్టుకోవచ్చు. పోనీ మామనే అడగవచ్చు. ఆయన అశ్వారావుపేటలో నర్సరీ గోడలు రాయడానికి ఆ పొద్దునే పోయాడు, రెండు వారాలు అక్కడే మకాం. నాకు ఆగబుద్ధి కాలేదు.

రికార్డుల్లో తప్పు పోయినచోట బ్లేడుతో గీకి, తెల్లరంగు పూసి, మీద మళ్ళీ రాయడం బీయెడ్‌లో నాకంటే బాగా ఎవరికీ వచ్చేది కాదు. సగం బ్లేడు తీసుకుని కూర్చున్నాను. మొదటి మధ్యాహ్నం మెడలు, చెవులు. రెండో మధ్యాహ్నం చేతులు, కాళ్ళు. బంగారు పొడి గోళ్ళ కిందికి దూరింది. గీకినచోట కాగితం పలచనై నూగు లేస్తే వేలితో అణిచి, తెల్లరంగు పూసి, ఆరాక నల్ల సిరాతో మెడ గీత, చేతి గీత మళ్ళీ కలిపాను. ఒక బొమ్మలో చెవి తమ్మె చీలినట్టుంది. మామ కుంచె జారిందనుకున్నాను. దాన్ని కూడా నీటుగా గుండ్రంగా కలిపేశాను. పని చేస్తున్నంతసేపూ పాటలు పాడుకున్నాను. పాతికమంది ఆడవాళ్ళకు వాగులో బాప్తిస్మం ఇస్తున్నట్టు నా మనసంతా తేలికగా ఉంది. ఇది దాచుకోకుండా రాయాలి. ఆ రెండు మధ్యాహ్నాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను.

తరగతులు బాగా జరిగాయి. అయ్యగారు బొమ్మలు చూసి, “ఇవి ఎక్కడ దొరికినయమ్మా, మనోళ్ళ లెక్కనే ఉన్నరు” అని మెచ్చుకున్నారు. మామ దగ్గర ఉన్నాయని చెప్పాను. గీకిన సంగతి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగో రోజు ఒక చిన్నది చెయ్యెత్తి, “టీచర్, ఈమె నిన్నటామెనే గద?” అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. తరగతులు ముగిశాక షీట్లన్నీ లుంగీలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేశాను. మామ తిరిగొచ్చిన మర్నాడే మణుగూరు బస్సులో మా వదిన దిగింది. మామ కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్ద. చంకలో పసిబిడ్డ, ఆడపిల్ల. చెప్పకుండా రావడం చూసి మామ కంగారుపడ్డాడు. ఆమె నీళ్ళు కూడా తాగకుండా చేతిగుడ్డ ముడి విప్పి ఒక వెండి కడియం తీసింది. పెంచిన పెద్దమ్మ అంతకు ముందు చలికాలమే పోయింది. పోతూ పోతూ దాన్ని ఈమె చేతికి ఇచ్చిందట. “నాయినా, దీని జత అమ్మ చేతికుండె అంట గద. నువ్వు బొమ్మ దించినవంట గద. అమ్మను చూపియ్యి. ఎట్లుంటదో ఒక్కసారి చూస్త. రేపు నా బిడ్డ అడిగితే నాకు చెప్పనీకె ఒక్క ముక్క లేదు.”

మామ మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ కూతురు ఆ మాట అడుగుతుందని ఎదురు చూస్తున్నట్టు లేచాడు. అప్పటికి కూడా నాకు భయం ఒక్కటే: మామ కోప్పడతాడని. పోగొట్టింది ఏమిటో అప్పటికీ తెలియదు. ఆయన మంచం మీద లుంగీ విప్పాడు. ఒక షీటు తీశాడు, పక్కన పెట్టాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఆరేడు తీశాక ఆగి, “ఇవి నావి కావు” అన్నాడు. మళ్ళీ కళ్ళ దగ్గర పెట్టుకుని, “మొహం నాదే. నగలేవి బిడ్డా?” అని నా వైపు తిరిగాడు.

“తీసేశాను మామా. తరగతులకని.”

“ఎన్నిట్లకెళ్ళి తీసినవ్?”

“అన్నిట్లకెళ్ళి.”

వదిన బిడ్డను మంచం మీద దింపింది. “తీసినవా? ఎట్ల తీస్తవే? మా అమ్మ తన చేతులతోని తనే తీసి పళ్ళెంల పెట్టింది. అది ఆమె ఇష్టం, ఆమె భక్తి. నువ్వెవరే ఆమె ఒంటి మీద చెయ్యి ఎయ్యనీకె? నిన్ను ఆ దేవుడు అడిగిండా?” “ఊకో బిడ్డా, పసిది జడుసుకుంటది” అన్నాడు మామ. కాసేపటికి, “ఎడమ చెవి తమ్మె తెగి ఉంటది చూడుండ్రి, దాంతోని దొరుకుతది” అన్నాడు. అది కూడా నేను కలిపేశానని చెప్పాల్సి వచ్చింది. ఎందులో కలిపానో నాకు గుర్తు లేదని కూడా చెప్పాల్సి వచ్చింది.

ఆయన ఒక్కో షీటూ తీసి వాకిట్లో ఎండకెదురుగా పట్టుకున్నాడు. బ్లేడు తగిలినచోటల్లా కాగితం పలచబడి వెలుతురు కనిపించింది. మెడల్లో, చెవుల్లో, చేతులకు, పాదాలకు, నగలున్న ప్రతిచోటా ఎండ వస్తోంది. రెండు చేతులకూ వెలుతురున్నవి పక్కన పెట్టాడు. ఒక్క కుడి చేతికే ఉన్నవి చివరికి మూడు మిగిలాయి. ఒకామె రెండో కడియం కొడుకు పెళ్ళికి కరిగించిందట, ఇంకొకామెది వాగులో పోయిందట, మూడో ఆమె అత్త. ఎవరు ఎవరో తెలియడం లేదు. మూడింటినీ మంచం మీద పరిచి ఎంతసేపు చూశాడో. ఎడమ పక్కకు చూస్తున్న ఆ మూడు మొహాల్లో ఒక్క వెంట్రుక తేడా లేదు. వదిన కడియం పట్టుకుని తండ్రి మొహమే చూస్తోంది. చివరికి ఆయన మధ్య షీటు మీద వేలు పెట్టాడు. “ఇదే. ఇదే మీ అమ్మ.” వదిన ఆ కడియాన్ని ఆ బోసి చేతి మీద పెట్టి, బిడ్డను ఎత్తుకుని చూపించి, “అగో, అమ్మమ్మ” అంది. అని, ఆగకుండా ఏడ్చింది.

సాయంత్రం బస్సుకు ఆమె ఆ షీటు తీసుకుని వెళ్ళిపోయింది, నాతో మాట్లాడకుండానే. బస్సు మలుపు తిరిగేదాకా చూసి మామ, “కాదేమో బిడ్డా” అన్నాడు. “ఏది మామా?” అన్నాను, తెలిసి కూడా. “అది మీ అత్త కాదేమో. అంత దూరం వచ్చింది, ఉత్త చేతులతోని ఎట్ల తోలుత?” మర్నాడు కొత్త షీటు కొనుక్కొచ్చి సన్న కుంచె పట్టుకుని కూర్చున్నాడు. కడియం గుండ్రంగా రాలేదు, ముత్యాలు రాల్చినట్టు చుక్కలు పడ్డాయి. మూడు రోజులు ప్రయత్నించి కుంచె కడిగి పెట్టేశాడు. నేను మందిరానికి పోయి మోకాళ్ళ మీద పడ్డాను. పిల్లలకు నేనే నేర్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. ప్రధాన యాజకుడి గుండె మీద పతకం, అందులో పన్నెండు రాళ్ళు, ఒక్కో రాయి మీద ఒక్కో గోత్రం పేరు. ఎవరినీ మరిచిపోకుండా ఉండడానికి గుండె మీద మోయమని దేవుడే చేయించిన నగ అది. ఆ రాళ్ళ పేర్లు వరసగా అప్పజెప్పిన పిల్లలకు నేను బహుమతులు కూడా ఇచ్చాను. అవి ఎందుకున్నాయో మాత్రం వాళ్ళకు చెప్పలేదు, నాకే తట్టలేదు. అయ్యగారికి చెప్పుకుంటే ఆయన, “నా మాట వల్ల సుత అయిందమ్మా. క్షమాపణ మీ మామను అడుగుదాం పద, ఇద్దరం” అన్నారు. అడిగాం. మామ, “అయ్యో, మీరు లేవుండ్రి అయ్యగారూ” అని ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ పెట్టమన్నాడు.

మిగిలిన రెండు షీట్లను మామ తన మంచం పక్క గోడకు అంటించుకున్నాడు. పొద్దున లేవగానే ఇద్దరికీ వందనాలు చెప్పేవాడు. “ఒకామె పరాయి ఆడామె, ఏమనుకుంటదో” అని నవ్వేవాడు. ఇంకో రెండేళ్ళు బతికాడు. చివరి నెలలో మంచం దిగలేకపోయాడు. నేను వాక్యం చదివి వినిపించేదాన్ని. ఒక మధ్యాహ్నం పరలోకం గురించి చదువుతుంటే చెయ్యెత్తి ఆపాడు. “అక్కడ అందరికి తెల్లబట్టలేనంట గద?” అవునన్నాను. “నగలుండయ్?” ఉండవన్నాను. గోడ వైపు చూస్తూ, “మరి నేనెట్ల గుర్తుపట్టాలె బిడ్డా? నాకు ఆమె మొహం యాది లేదు” అన్నాడు. దానికి జవాబుంది. దేవుడు ఎవరిని ఏ పేరుతో పిలవాలో ఎరిగినవాడని, అక్కడ ఎవరూ ఎవరికీ తెలియకుండా పోరని, ఎన్నో సమాధుల దగ్గర చెప్పాను, నమ్మి చెప్పాను, ఇప్పటికీ నమ్ముతాను. మామకు మాత్రం చెప్పలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక వదిన ఆ గదిలోకి వచ్చి గోడ ముందు నిలబడింది. ఆ రెండు బొమ్మలూ అక్కడ ఎందుకున్నాయో నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. గోరుతో అంచులు మెల్లగా లేపి, రెండింటినీ చిరగకుండా తీసి, చుట్టి, “మూడు నా దగ్గర్నే ఉంటయ్. ముగ్గురిల ఒకామె మా అమ్మే గద. మిగతా ఇద్దరికి సుత ఎవలున్నరో ఎవల్లేరో” అంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, రెండేళ్ళలో మొదటిసారి, “వస్త వదినా” అని నన్ను పిలిచింది. ఆ పిలుపుకు నేను తగను. పిలిచిందని చెప్పడానికే ఇదంతా రాశానేమో కూడా. ఎవరి మొహమైనా ఏదో ఒకనాడు అందరి మొహాల్లో కలిసిపోవాల్సిందే. కాలం ఆ పని ఎంతో నిదానంగా, చూస్తున్నవాళ్ళు అలవాటు పడేదాకా ఆగి ఆగి చేస్తుంది. నేను దాన్ని రెండు మధ్యాహ్నాల్లో ముగించాను.